మానడం ఒకెత్తు, మానాక నిలబడటం ఒకెత్తు: తెలిసినవాళ్ళు రాయండి

#1 తెల్లకాగితం
హెరాయిన్ తరహా మత్తు వదిలించుకోవాలనుకునే మనిషికి ఇంట్లోవాళ్ళు ఏం చేయాలో ఒకచోట పోగుచేద్దామని ఈ చర్చ. నాలుగు ప్రశ్నలు. విత్‌డ్రాయల్ (మత్తు ఆపాక ఒళ్ళు పడే బాధ) ఎన్నాళ్ళు, ఎప్పుడు ముదురుతుంది? క్రేవింగ్ (మళ్ళీ వాడాలన్న తహతహ) లేచినప్పుడు ఆ గంట గడిచేదెలా? చేతికి డబ్బు ఇవ్వాలా వద్దా? మానాక నిద్ర ఎందుకు పట్టదు, ఎప్పటికి పడుతుంది? "మనసు గట్టి చేసుకుంటే చాలు" అనే సలహాలు మాత్రం వద్దు, ఉచితంగా బోలెడు దొరుకుతున్నాయి.

#2 గడియారంముల్లు
మొదటిదానికి. ఆఖరి డోసు పడ్డాక 8 నుంచి 24 గంటల్లో మొదలవుతుంది. ముందు ఆవులింతలు, ముక్కు కారడం, కళ్ళ నీళ్ళు. జలుబు చేసిందనుకుంటారు. తర్వాత రోమాలు నిక్కబొడుచుకోవడం, కాళ్ళు పీకడం, వాంతులు, విరేచనాలు. 36 నుంచి 72 గంటల మధ్య నరకం. 4 నుంచి 10 రోజుల్లో తగ్గుముఖం. మెథడోన్ (హెరాయిన్‌కి బదులు డాక్టర్లు ఇచ్చే, ఎక్కువసేపు ఉండే మందు) అయితే నింపాదిగా 12 నుంచి 48 గంటలకు మొదలై 10 నుంచి 20 రోజులు సాగుతుంది.

కంటిపాప చూడండి. వెలుతురులో కూడా విచ్చుకుని ఉంటే విత్‌డ్రాయలే. సూదిమొనంత అయిపోయి మనిషి మగతగా ఉంటే మళ్ళీ ఏదో పడిందన్నమాట.

ఈ దశలో ముంచేది ఒంట్లో నీళ్ళు పోవడం. ఓఆర్‌ఎస్ గ్లాసెడు ఒక్కసారి పట్టిస్తే కక్కేస్తారు, ఐదు నిమిషాలకోసారి రెండు చెంచాలు పట్టాలి. విరేచనాలకు లోపెరమైడ్ మామూలు మోతాదులో సరే. అదీ ఓపియాయిడ్ (నల్లమందు, హెరాయిన్ తరహా మందుల) కుటుంబమే కదా అని గుప్పెడు మింగేవాళ్ళుంటారు, గుండె లయ తప్పుతుంది. ఆ సీసా మీ దగ్గరే ఉండాలి.

#3 ముక్కుసూటి
రోజుల లెక్క బాగానే చెప్పారు గానీ అసలు గండం విత్‌డ్రాయల్ అయిపోయాకే మొదలవుతుంది. వారం పది రోజులు వాడకపోతే ఒంటికి ఓర్చుకునే శక్తి పడిపోతుంది. మనిషికి గుర్తున్నది మాత్రం పాత డోసు. అదే తీసుకుంటాడు, ఊపిరి ఆగిపోతుంది. డీటాక్స్ నుంచో జైలు నుంచో బయటికొచ్చిన మొదటి రెండు వారాల్లో చావులు ఎక్కువ ఉండేది ఇందుకే. కాబట్టి ఓపియాయిడ్ల విషయంలో "పది రోజులు శుభ్రం చేసి పంపాం" అన్నది చికిత్స కాదు, తర్వాత ఏ మందు మీద ఉంచారో చెప్పాలి. హెరాయిన్ స్థానంలో ఇచ్చే బ్యూప్రెనార్ఫిన్, మెథడోన్ రెండూ 2005 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నాయి, ఊరికే కాదు.

#4 నిప్పులేనిపొగ
ఒక గొలుసు తెంపి ఇంకో గొలుసు వేయడమే ఇది. బ్యూప్రెనార్ఫిన్ ఏళ్ళ తరబడి మింగాలట! పైగా ఆ బిళ్ళలో నలోక్సోన్ (ఓపియాయిడ్ మత్తుని తిప్పికొట్టే మందు) కలుపుతారు, పడిన గంటలో విత్‌డ్రాయల్ తన్నుకొస్తుంది. భయపెట్టి మానిపించే మందుని చికిత్స అంటున్నారు.

#5 చీటీరాత
పొగగారూ, మందుల లెక్కలు నాకు నోటికొచ్చు కాబట్టి చెప్తున్నా, మీ పోస్టులో రెండు తప్పులు.

ఒకటి, అది మింగే బిళ్ళ కాదు. మింగితే లివర్‌లోనే చాలావరకు ఖర్చయిపోతుంది. నాలుక కింద పెట్టుకోవాలి, అలా పెట్టినా ఒంటికి అందేది మూడో వంతు లోపే.

రెండు, తన్నుకొచ్చే విత్‌డ్రాయల్‌కి నలోక్సోన్ కారణం కాదు. బ్యూప్రెనార్ఫినే కారణం. అది మెదడులోని ఓపియాయిడ్ గ్రాహకాల దగ్గరికొచ్చి, కుర్చీలో కూర్చున్న హెరాయిన్‌ని లేపేసి తాను కూర్చుంటుంది. కుర్చీ వదలదు, పని మాత్రం సగమే చేస్తుంది. ఒంటి నిండా హెరాయిన్ ఉండగా ఇస్తే నిండు పని నుంచి సగం పనికి ఒక్కసారిగా పడిపోతారు. అదే ఆ తన్నుకురావడం. విత్‌డ్రాయల్ బాగా మొదలయ్యాక ఇస్తే సున్నా నుంచి సగానికి ఎక్కుతారు, హాయిగా ఉంటుంది. బిళ్ళ అదే, తేడా గడియారంలో.

#6 నిప్పులేనిపొగ
అయితే నలోక్సోన్ అలంకారానికి కలిపారా?

#7 చీటీరాత
ఆ బిళ్ళని కరిగించి సూదితో ఎక్కించుకునేవాళ్ళని ఆపడానికి కలిపారు. 8 మిల్లీగ్రాములకు 2, అంటే 4:1. నాలుక కింద నలోక్సోన్ దాదాపు ఎక్కదు. నరంలోకి వెళ్తే మాత్రం పని చేస్తుంది. నలోక్సోన్ కలపని వట్టి బ్యూప్రెనార్ఫిన్ బిళ్ళ తొందరపడి వేసినా అదే విత్‌డ్రాయల్ వస్తుంది. ఇంతకంటే రుజువేం కావాలి?

#8 నిప్పులేనిపొగ
నోటికొచ్చు అన్నవాళ్ళకి ఒక ప్రశ్న. "తొందరపడి" అంటే ఎన్ని గంటలు? 12 అని రాసిపెట్టుకుని, 12 గంటలు ఆగి కూడా చిత్తయినవాళ్ళున్నారు.

#9 రాత్రిడ్యూటీ
ఇక్కడ పొగగారి మాటలో నిజముంది, చీటీరాతగారు అంత విసుక్కోనక్కర్లేదు. గంటల్ని నమ్ముకోకూడదు, ఒంటిని చూడాలి. అందుకే కౌస్ అనే స్కోరు వాడతారు. నాడి, చెమట, కంటిపాప, ఆవులింతలు, గూస్‌బంప్స్ అలా 11 అంశాలు, మొత్తం 48. 5 నుంచి 12 స్వల్పం, 13 నుంచి 24 మధ్యస్థం. కనీసం 8 దాటాకే, చాలామంది 12 దాకా ఆగి, మొదటి డోసు 2 నుంచి 4 మిల్లీగ్రాములు ఇస్తారు. గంటో రెండు గంటలో చూసి మళ్ళీ.

ఫెంటానిల్ (హెరాయిన్ కంటే ఎన్నో రెట్లు బలమైన కృత్రిమ ఓపియాయిడ్) వచ్చాక ఈ లెక్క చెడింది. రోజూ వాడినవాళ్ళలో అది కొవ్వులో చేరి నింపాదిగా బయటికొస్తుంది, అందుకే 12 గంటలు చాలట్లేదు. కొందరు డాక్టర్లు అర మిల్లీగ్రాము లాంటి చిన్న డోసులతో మొదలుపెట్టి రోజుల తరబడి పెంచుకుంటూ పోతారు. మెథడోన్ నుంచి మారేవాళ్ళకి 36 నుంచి 72 గంటలు ఆగాల్సి రావచ్చు.

నాలుక కింద పెట్టేముందు నోరు తడుపుకోవాలి. ఎండిన నోట్లో బిళ్ళ రాయిలా కూర్చుంటుంది. కరిగేదాకా మాట్లాడొద్దు, లాలాజలం మింగొద్దు. "మందు పనిచేయట్లేదు" అన్న ఫిర్యాదులు చాలా ఇక్కడివే. కరిగాక నీళ్ళు నోట్లో తిప్పి మింగాలి, గంట దాకా బ్రష్ పట్టొద్దు. పళ్ళు పాడవుతున్నాయని 2022లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది కూడా.

#10 పాతగోడ
చర్చంతా ఒక్క మందు చుట్టూనే తిరుగుతోంది. ఓపియాయిడ్ విత్‌డ్రాయల్ చంపేస్తుందేమో అనిపిస్తుంది. నిజంగా చంపేవి మద్యం, నిద్రమాత్రల విత్‌డ్రాయల్స్. తాగుడు ఠక్కున ఆపితే 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్, 48 నుంచి 96 గంటల్లో మతి తప్పి గోడ మీద లేనివి చూడటం. ఇంట్లో గది గడియ పెట్టి మానిపించే పని కాదిది. విటమిన్ బి1 వేయకుండా గ్లూకోజ్ ఎక్కించడం ఇంకో తప్పు.

ఆల్ప్రజోలామ్ లాంటి నిద్రమాత్రలు ఏడాది వాడినవాళ్ళు ఒక్కసారిగా ఆపకూడదు. 2 నుంచి 4 వారాలకోసారి 5 నుంచి 10 శాతం తగ్గించాలి.

#11 గడియారంముల్లు
10 శాతం దేని మీద? ఇది రాయకపోతే జనం మొదటి డోసు మీద లెక్కేసి పది మెట్లలో సున్నాకి దిగుతారు, చివరి మెట్లలో పడతారు.

#12 పాతగోడ
ప్రస్తుతం వేసుకుంటున్న డోసు మీద. డయాజెపామ్ (అదే కుటుంబంలో నింపాదిగా దిగే మందు) 20 అయితే 18, తర్వాత 16.2, ఆపైన 14.6. మెట్టు మెట్టుకీ ఎత్తు తగ్గుతుంది. 20 నుంచి 18కి దించిన 2 మిల్లీగ్రాములు పట్టించుకోని ఒళ్ళు, 4 నుంచి 2కి దించితే గగ్గోలు పెడుతుంది. అది డోసులో సగం కాబట్టి.

#13 చీటీరాత
ఆల్ప్రజోలామ్ నుంచి డయాజెపామ్‌కి మార్చే లెక్క చెప్పలేదు. అర మిల్లీగ్రాముకి 10.

#14 పాతగోడ
కొన్ని పట్టికల్లో 10, కొన్నింట్లో 5. నోటికొచ్చిన లెక్క ఇక్కడ పనికిరాదు. డాక్టర్ చూసి సర్దుకోవాల్సిందే.

#15 నిప్పులేనిపొగ
:) నా గొలుసు ప్రశ్నకి మాత్రం ఎవరూ జవాబివ్వలేదు.

#16 ముక్కుసూటి
ఇదిగో. 2013లో వచ్చిన డీఎస్‌ఎమ్-5లో (అమెరికా మానసిక వైద్యుల రోగ నిర్ధారణ పుస్తకం) వ్యసనానికి 11 లక్షణాలున్నాయి. ఏడాది వ్యవధిలో రెండుంటే స్వల్పం, నాలుగుంటే మధ్యస్థం, ఆరు గానీ అంతకుమించి గానీ ఉంటే తీవ్రం. అందులో డోసు పెరుగుతూ పోవడం, విత్‌డ్రాయల్ రావడం అనే రెండింటినీ డాక్టర్ చెప్పినట్టు మందు వాడేవాళ్ళ విషయంలో లెక్కలోకి తీసుకోవద్దని స్పష్టంగా రాశారు. ఒళ్ళు అలవాటుపడటం వేరు. వ్యసనం అంటే మిగతావి. ఉద్యోగం పోతున్నా ఆపలేకపోవడం, దాని వేటలోనే రోజంతా కరిగిపోవడం, అనుకున్నదానికంటే ఎక్కువ వాడటం. పొద్దున్నే ఒక బిళ్ళ కరిగించుకుని పనికి వెళ్ళేవాడిలో ఇవేం కనిపిస్తాయి? "బానిస" అన్న మాట తెలుగులో అన్నింటికీ అంటించేసి ఈ రెండింటినీ కలిపేశాం.

#17 మాటపొదుపు
ఆ మాట మానేస్తే రోగం తగ్గుతుందా? "వ్యసనపరుడు" అంటే మర్యాదా? జూదరినీ అదే అంటాం.

#18 ముక్కుసూటి
తగ్గదు. కానీ డాక్టర్ దగ్గరికి వెళ్ళే దారిలో ఆ మాటే మొదటి గేటు. "మత్తు వాడకం సమస్య ఉన్న మనిషి" అనండి, నాలుగు మాటలు ఎక్కువైతే ఏం పోయింది.

#19 మాటపొదుపు
నా పేరు చూసి మాట్లాడండి సార్.

#20 తెల్లకాగితం
అయ్యా, నేనడిగిన నాలుగింట్లో ఒకటే తేలింది. క్రేవింగ్, డబ్బు, నిద్ర?

#21 అలలలెక్క
క్రేవింగ్ సంగతి. అది అల. లేస్తుంది, విరుగుతుంది. పెనుగులాడకుండా, లొంగకుండా వదిలేస్తే ఎక్కువసార్లు 15 నుంచి 30 నిమిషాల్లో దిగుతుంది. అది దిగకముందే జనం లొంగుతారు కాబట్టి ఎప్పటికీ దిగదనే నమ్మకం బలపడుతుంది. టైమర్ పెట్టండి. ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో చూడమనండి: గొంతులోనా, కడుపులోనా, అరచేతుల్లోనా. పదికి ఎంత ఉందో ఐదు నిమిషాలకోసారి కాగితం మీద అంకె వేయించండి. 8, 9, 9, 7, 4. వారం తర్వాత ఆ కాగితాలు పక్కపక్కన పెడితే తన అలలు ఎంతసేపట్లో విరుగుతాయో తనకే కనిపిస్తుంది.

అల లేపే వస్తువుల్ని ముందే ఏరేయాలి. రేకు కాగితం, సిరంజి, ఫోన్‌లో అమ్మేవాడి నంబర్. నంబర్ చెరిపితే చాలదు, సిమ్ మార్చాలి, ఎందుకంటే ఫోన్ చేసేది వాడే. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట కూడా చూసుకోండి. ఒకేరోజు వీటిలో రెండు కలిస్తే ఆ సాయంత్రం ఒంటరిగా వదలొద్దు.

జారితే? ఒకసారి జారడానికీ మళ్ళీ పూర్తిగా పడిపోవడానికీ మధ్య ఉండేది "ఇంక అంతా పోయింది" అనే ఆలోచన. అలన్ మార్లాట్ అనే సైకాలజిస్ట్ దీనికి ఒక పేరే పెట్టారు, మానినవాడి నియమభంగ ప్రభావం అని. ఎవరికి ఫోన్ చేయాలో, ఏ మందు ఆపకూడదో బాగున్న రోజునే చీటీ మీద రాసి జేబులో పెట్టాలి.

#22 గడియారంముల్లు
కొకైన్, మెత్ వాడేవాళ్ళకి పై బిళ్ళలేవీ లేవు, ఆమోదం పొందిన మందే లేదు. వాళ్ళకి బాగా పనిచేసేది మూత్రపరీక్ష శుభ్రంగా వచ్చిన ప్రతిసారీ వెంటనే చిన్న బహుమతి. ఆలస్యమైతే పనిచేయదు. డబ్బు ప్రశ్నకి కూడా సూత్రం ఇదే: మత్తులో ఉన్నప్పుడు అప్పులు తీర్చొద్దు, అబద్ధాలు కప్పొద్దు. వాడని రోజున కలిసి తినండి, బస్సు టికెట్ మీరే కొనివ్వండి. చేతికి నగదు మాత్రం తర్వాత.

#23 చీటీరాత
ఆ మూత్రపరీక్ష నమ్మి ఇంట్లో పంచాయతీ పెట్టకండి. మామూలు ఓపియేట్ స్ట్రిప్‌కి ఫెంటానిల్, ట్రమడాల్, మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్ ఏవీ దొరకవు. గసగసాలు తింటే ఓపియేట్ స్ట్రిప్‌లో, జలుబు మందులో సూడోఎఫెడ్రిన్ ఉంటే మెత్ తరహా మందుల స్ట్రిప్‌లో పాపం శుభ్రంగా ఉన్నవాడు దొరికిపోతాడు. ల్యాబ్‌లో నిర్ధారణ అయ్యాకే మాట.

#24 రాత్రిడ్యూటీ
ఇంట్లో స్ట్రిప్ కంటే ముందు ఉండాల్సింది నలోక్సోన్ స్ప్రే. మనిషి లేవట్లేదు, పెదాలు నీలం, గొంతులో గరగర. "గురక పెట్టి పడుకున్నాడులే" అని తలుపేస్తారు చూడండి, అదే ఆఖరి గురక. అంబులెన్స్‌కి ఫోన్. ఒక ముక్కు రంధ్రంలో ఒక స్ప్రే. 5 సెకన్లకోసారి నోటితో ఊపిరి. 2, 3 నిమిషాల్లో చలనం లేకపోతే రెండో రంధ్రంలో ఇంకోటి. లేచాక తిడతాడు, విత్‌డ్రాయల్‌లో పడతాడు కాబట్టి. ఒంటరిగా వదలొద్దు, స్ప్రే బలం 30 నుంచి 90 నిమిషాలే, మత్తు అంతకుమించి ఉండొచ్చు. నిద్రమాత్రలకి, మద్యానికి ఇది పనిచేయదు. అయినా కొట్టండి, నష్టం లేదు.

#25 అలలలెక్క
నిద్ర గురించి. ఓపియాయిడ్ మానాక వారాల నుంచి నెలలు పట్టొచ్చు. గంజాయి అయితే విత్‌డ్రాయల్ మొదటి వారంలో ముదిరి రెండు మూడు వారాల్లో తగ్గినా, పిచ్చి కలలు ఇంకా సాగుతాయి. అణిగిపోయిన కలల నిద్ర ఒక్కసారి విరగబడి రావడమది. పడుకునే వేళ కాదు, లేచే వేళ ఒకటే పెట్టండి. నిద్ర పట్టలేదని బ్యూప్రెనార్ఫిన్ మీద నిద్రమాత్ర మీ అంతట మీరు కలపొద్దు, రెండూ ఊపిరిని నొక్కేవే.

#26 మాటపొదుపు
16.2 మిల్లీగ్రాముల బిళ్ళ ఎక్కడ దొరుకుతుంది?

#27 పాతగోడ
దొరకదు. 10, 5, 1 కలిపి 16 దగ్గర ఆగండి. అంతకంటే సన్నగా దిగాలంటే సిరప్ రాయమనండి, సిరంజితో కొలవొచ్చు. కత్తితో నాలుగు ముక్కలు చేస్తే ఏ రెండు ముక్కలూ ఒకలా ఉండవు.