మే గూస్తా అంటే 'నాకు నచ్చింది'

స్పానిష్ నేర్చుకుంటున్నవాళ్లకి ఒక మాట. మొన్నటిదాకా నా నోట్సులో రెండే గడులు, ఎడమవైపు ఇంగ్లిష్, కుడివైపు స్పానిష్. ఇప్పుడు మధ్యలో తెలుగుకి ఇంకో గడి గీశాను.

'ఐ లైక్ కాఫీ' ఎదురుగా 'మే గూస్తా ఎల్ కఫే' అని ఉంది. బట్టీ కొట్టి ఊరుకుంటే సరిపోయేది. తెలివి చూపించబోయి, 'ఐ' అంటే యో, 'లైక్' అంటే గూస్తార్ అని లెక్క కట్టి "యో గూస్తో కఫే" అన్నాను. మా టీచరు నవ్వాపుకుని, "మీరు ఎవరికి నచ్చుతున్నారు?" అనడిగారు. గూస్తార్ అంటే ఇష్టపడటం కాదు, నచ్చడం. నచ్చేది కాఫీ, నేను కాదు. ఒక పుస్తకం నచ్చితే గూస్తా, పుస్తకాలు నచ్చితే గూస్తాన్. అచ్చం మన నచ్చింది, నచ్చాయి లాగే! ఇంగ్లిష్‌లోంచి వచ్చేవాళ్లు తలకిందులుగా నేర్చుకునే వాక్యం మనకి మాటలొచ్చినప్పటి నుంచీ నోట్లోనే ఉంది. 'మే దుయెలే లా కబేసా' కూడా అంతే, నాకు తల నొప్పిగా ఉంది. (స్పెయిన్‌లో చాలాచోట్ల కబేథా అంటారు.)

ఆకలి, భయం, వయసు దగ్గర మాత్రం పోలిక సగమే. 'తెంగో ఆంబ్రే' అంటే ఆకలి కలిగి ఉన్నాను అని, క్రియ 'నేను'కే చెందుతుంది. అయినా 'నాకు ఇరవై ఏళ్లు' అనే మనకి 'తెంగో వెయింతే అన్యోస్' వింతగా ఉండదు. ఉక్కపోస్తే 'తెంగో కలోర్' అనండి. 'ఐ యామ్ హాట్'ని మాటకి మాట మార్చి 'ఎస్తోయ్ కలియెంతే' అన్నారో, ఎదుటివాళ్లు వేరే అర్థం తీసుకుని నవ్వుతారు.

జవాబు: మీ మూడో గడి సేర్, ఎస్తార్‌లకి పనిచేస్తుందా అండీ? ఇంగ్లిష్‌లో రెండింటికీ 'ఈజ్' ఒక్కటే. శాశ్వతమైతే సేర్, తాత్కాలికమైతే ఎస్తార్ అని చెప్పారు. తీరా చూస్తే చనిపోయాడనడానికి 'ఎస్తా ముయెర్తో' అంటారట. చావుకన్నా శాశ్వతం ఏముంటుంది?

జవాబు: చాలావరకు పనిచేస్తుంది. 'అతను డాక్టరు' అన్నప్పుడు మనకి క్రియే అక్కర్లేదు, అక్కడ సేర్: 'ఎస్ మేదికో'. 'ఇంట్లో ఉన్నాడు' అన్నప్పుడు ఎస్తార్: 'ఎస్తా ఎన్ కాసా'. అసలు మజా గుణాల దగ్గర. 'ఆమె అందంగా ఉంటుంది' అంటే 'ఎస్ గ్వాపా', 'ఇవాళ అందంగా ఉంది' అంటే 'ఎస్తా గ్వాపా'. ఉంటుందికీ ఉందికీ తేడా తెలిసినవాళ్లకి ఇది సగం వచ్చినట్టే. పార్టీ ఎక్కడ జరుగుతుందో అడగడానికి మాత్రం 'దోందే ఎస్ లా ఫియెస్తా' అనే అంటారు, ఎస్తా కాదు. మనమూ 'పార్టీ ఎక్కడ?' అని క్రియ లేకుండానే అడుగుతాం కదా.

జవాబు: వాక్యాలకి సరే, విడి మాటలకి తెలుగు గడి ఏం సాయం చేస్తుంది? నన్ను ముంచినవి ఇంగ్లిష్ పోలికలే. ఎక్సితో అంటే ఎగ్జిట్ అనుకున్నా, విజయమట. బయటికి దారి సలీదా. లిబ్రెరియా లైబ్రరీ కాదు, పుస్తకాల షాపు. ఇక ఎంబరసాదా అంటే ఇబ్బందిపడ్డ మనిషి కాదు, గర్భవతి. ఆ పొరపాటు మగవాడు చేస్తే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

జవాబు: సాయం చేస్తుంది, చెవికి. ఇంగ్లిష్ 'టి' మనకి ట లాగా వినిపిస్తుంది, స్పానిష్‌ది నాలుక పళ్లకి తగిలే మన త. రోమన్ అక్షరాల్లో చూస్తే రెండూ ఒకటే, తెలుగులో రాసుకుంటే ఇట్టే తెలుస్తుంది. టమాటానే చూడండి. మెక్సికోలోని నావాత్ల్ భాష నుంచి స్పానిష్‌లోకి 'తొమాతే'గా వచ్చి, అక్కణ్ణించి ఇంగ్లిష్‌కి వెళ్లింది. మనం ఇంగ్లిష్‌వాళ్ల నోటి నుంచి విన్నాం కాబట్టి రెండు త-లూ ట-లయ్యాయి.