గెలీలియో వాలుబల్లను బడిలో చేయించినవారి అనుభవాలు కావాలి

భౌతికం_తొమ్మిది:
తొమ్మిదో తరగతి చలనం పాఠాన్ని ఈసారి సూత్రాలతో కాకుండా గెలీలియో వాలుబల్లతో మొదలుపెట్టాలనుకుంటున్నాను. 1638లో అచ్చయిన గ్రంథంలో ఆయన ఆ అమరికను వివరంగానే చెప్పారు: పన్నెండు మూరల పొడవున్న కొయ్య దూలం, దాని మీద వేలెడు వెడల్పున చెక్కిన గాడి, గాడిలో అతికించిన నునుపైన చర్మపత్రం, అందులో దొర్లే కంచు గుండు. గుండు దొర్లుతున్నంతసేపూ ఒక పెద్ద పాత్ర నుంచి సన్నని గొట్టం గుండా కారిన నీటిని పట్టి, దాన్ని తూచి కాలాన్ని లెక్కగట్టారు. ఈ నీటి పద్ధతితోనే చేయించినవారు ఉన్నారా? స్టాప్‌వాచ్ ఉండగా ఈ తంటా ఎందుకని మా తోటి ఉపాధ్యాయులు అడుగుతున్నారు.

గోలీల_మాస్టారు:
మా బడిలో ఏటా చేయిస్తున్నాను మేడమ్. దూలం కోసం వెతకనక్కరలేదు. కిటికీలకు వాడే అల్యూమినియం చానల్ రెండు మీటర్ల ముక్క, ఒక పెద్ద గోలీ ఉంటే సరిపోతుంది. ఒక కొసను పది సెంటీమీటర్లకు మించి ఎత్తకండి. ఆ వాలులో గోలీ మొత్తం దూరం దొర్లడానికి సుమారు మూడున్నర సెకన్లు పడుతుంది. ఇంకా ఎత్తితే పిల్లల చేతులు అందుకోలేవు. నీటికి కుళాయి ఉన్న వెడల్పాటి డ్రమ్ము వాడండి, ఎందుకంటే ఇరుకు సీసాలో మట్టం త్వరగా పడిపోయి ధార సన్నబడుతుంది. గోలీని వదిలే పిల్లే గొట్టం మీది వేలు కూడా తీయాలి, గోలీ చివరనున్న చెక్కకు తగిలిన చప్పుడు వినగానే మూయాలి. ఈ రెండు పనులను ఇద్దరికి పంచితే లెక్క కుదరదు.

తూచడానికి కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా చాలు. గోలీని అర మీటరు దూరం మాత్రమే దొర్లిస్తే ఎంత నీరు వస్తుందో ముందే నల్లబల్ల మీద రాయమంటాను. దూరం నాలుగో వంతు కాబట్టి నీరు కూడా నాలుగో వంతేనని ఎక్కువమంది రాస్తారు. కాటా మీద దాదాపు సగం కనిపించగానే గొట్టం సరిగా మూయలేదని ఒకరినొకరు అనుమానించుకుంటూ, నేను చెప్పకుండానే మళ్లీ మళ్లీ చేస్తారు. స్టాప్‌వాచ్ అంకెను వాళ్లు అలా ప్రశ్నించరు. మీ తోటివారికి నేనిచ్చే జవాబు అదే.

పాతపుటలు:
ఆ అనుమానం పిల్లలకే పరిమితం కాదు. ఒకే దూరాన్ని మళ్లీ మళ్లీ కొలిచినా కాలంలో తేడా నాడి ఒకసారి కొట్టుకునే వ్యవధిలో పదో వంతు కూడా రాలేదని గెలీలియో రాసిన మాటను ఇరవయ్యో శతాబ్దంలో చరిత్రకారుడు అలెగ్జాండర్ కొయిరే నమ్మలేదు. అంత మోటు పరికరాలతో అంత కచ్చితత్వం అసాధ్యమన్నారు. 1961లో థామస్ సెటిల్ అలాంటి సామగ్రితోనే ఆ ప్రయోగాన్ని తిరిగి చేసి, గెలీలియో మాట నమ్మదగినదేనని చూపించారు. ప్రయోగం ముగిశాక ఈ సంగతి చెబితే, తాము చేసింది కూడా అలాంటి పరిశీలనేనని పిల్లలకు అర్థమవుతుంది. ముందే చెప్పేస్తే మాత్రం రావలసిన జవాబు తెలిసిపోయి, కొలతలను దానికి తగ్గట్టు సర్దేస్తారు.

ఇంటర్_లెక్చరర్:
ఒక హెచ్చరిక. ఈ కొలతల నుంచి గురుత్వ త్వరణాన్ని రాబట్టమని అడగకండి. గోలీ జారడం లేదు, దొర్లుతోంది. దాని శక్తిలో కొంత భ్రమణానికి పోతుంది. చదునైన తలం మీద దొర్లే ఘనగోళపు త్వరణం, ఘర్షణ లేకుండా జారే వస్తువు త్వరణంలో ఏడింట ఐదు వంతులే ఉంటుంది. కాబట్టి 9.8 రావలసిన చోట 7 వస్తుంది. గోలీ గాడి అంచుల మీద ఆనుకుని దొర్లితే ఇంకా తగ్గుతుంది. దూరం కాలవర్గానికి అనులోమానుపాతంలో ఉందన్న ఫలితానికి దీనివల్ల ఏ ముప్పూ లేదు కాబట్టి తొమ్మిదో తరగతిలో అక్కడ ఆగడమే మేలు. సిలబస్ ఒత్తిడి ఉన్నచోట దీనికి వరుసగా రెండు పీరియడ్లు దొరకడమే అసలు కష్టం.

భౌతికం_తొమ్మిది:
అందరికీ ధన్యవాదాలు. పీరియడ్ల సంగతి ప్రధానోపాధ్యాయుల వారితో మాట్లాడతాను. దీని తరువాత వాతావరణ పీడనానికి, పాదరసం నింపిన గొట్టంతో చేసే టారిచెల్లి ప్రయోగం కూడా చేయించవచ్చా?

గోలీల_మాస్టారు:
పాదరసం జోలికి వెళ్లవద్దు. దాని ఆవిరి విషం, గచ్చు పగుళ్లలోకి పోతే ఏరడం కూడా కష్టం. టారిచెల్లి కన్నా ముందే రోములో గాస్పరో బెర్తీ నీటితో చేసిన పద్ధతిని ఎంచుకోండి. పదకొండు మీటర్ల పారదర్శక గొట్టాన్ని నిండా నింపి, రెండు కొసలూ బిగించి, కింది కొసను బకెట్టు నీటిలో ముంచి, పై కొసను మూడో అంతస్తు నుంచి తాడుతో లాగి, ఆ తరువాత నీటిలోని కొసను తెరవాలి. గోడ ఎక్కి తొంగిచూడకుండా పెద్దవాళ్లు పైన నిలబడాలి. సముద్రమట్టం దగ్గర పది మీటర్ల చేరువలో నీరు నిలుస్తుంది. హైదరాబాదు ఐదు వందల మీటర్లకు పైగా ఎత్తున ఉంది కాబట్టి అక్కడ మరో అర మీటరు తగ్గుతుంది. మచిలీపట్నం వైపు తెలిసిన బడి ఉంటే ఒకే రోజున రెండుచోట్లా కొలిపించండి. 1648లో పాస్కల్ తన బావగారిని ఫ్రాన్సులోని పుయ్ ద డోమ్ కొండ ఎక్కించి చూసింది ఆ తేడానే.