కళ్లు మూసుకుని విన్నా పోల్చుకోగలిగే మెటల్ డ్రమ్మర్లు ఎవరు?

నడకపిచ్చి:
గొప్ప మెటల్ డ్రమ్మర్ల జాబితా ఎక్కడ చూసినా వేగమే కొలబద్ద. నా ప్రశ్న వేరు. గిటారూ గొంతూ తీసేసి డ్రమ్ములు మాత్రమే వినిపిస్తే, "ఇది ఫలానా వాడి చెయ్యి" అని మీరు ఎవరిని పట్టుకోగలరు? దేన్నిబట్టి పట్టుకుంటారో కూడా చెప్పండి. ఉత్త పేర్లు వద్దు.

నా వంతు బిల్ వార్డ్. బ్లాక్ సబ్బత్ తొలి ఆల్బమ్ 1970లో వచ్చేనాటికి మెటల్ డ్రమ్మింగ్ అనే దారే లేదు. ఆయన జీన్ కృపా, బడ్డీ రిచ్‌ల జాజ్ వింటూ ఎదిగినవాడు. అందుకే రిఫ్ (తిరిగితిరిగి వచ్చే గిటారు వరస) ఎంత బరువుగా ఉన్నా కింద ఒక ఊపు ఉంటుంది, దెబ్బ గడియారం ముల్లులా పడదు. "వార్ పిగ్స్" చరణాల్లో గిటారు టక్కున కొట్టి తప్పుకుంటుంది. ఆ ఖాళీలో గొంతుకు తోడు హైహ్యాట్ (కాలితో తెరిచి మూసే జంట సింబళ్లు) ఒక్కటే నడుస్తుంది. అంత ఖాళీని భయపడకుండా వదిలేయడమే నాకు వార్డ్ సంతకం. ఆ చరణాన్ని వాయించి చూడండి, చేతులు ఊరుకోవు, ఏదో ఒకటి నింపెయ్యాలని లాగుతాయి.

జోడుపెడల్:
నాది స్లేయర్ డ్రమ్మర్ డేవ్ లొంబార్డో. ఎందుకని అడిగితే అందరూ "ఏంజెల్ ఆఫ్ డెత్" చివర్లో వచ్చే డబుల్ బేస్ (రెండు కాళ్లతో బేస్ డ్రమ్ వాయించడం) ముక్కే చూపిస్తారు. నిజమే, 1986లో అది విని ఎంతమంది రెండో పెడల్ కొనుక్కున్నారో. కానీ నేను ఆయన్ని పట్టుకునేది చిన్నాపెద్దా డ్రమ్ములైన టామ్‌ల మీద. ఫిల్ (మలుపులో వేసే డ్రమ్ముల విన్యాసం) మొదలైతే పై టామ్ నుంచి ఫ్లోర్ టామ్ దాకా దొర్లుకుంటూ వస్తుంది, మధ్యలో కాస్త తొందరపడుతుంది కూడా. పాట పట్టు తప్పి పడిపోతుందేమో అనిపించి, సరిగ్గా ఒకటో దెబ్బకి కాళ్ల మీద నిలబడుతుంది. "రెయిన్ ఇన్ బ్లడ్" మొత్తం అరగంట కూడా ఉండదు, ఆ అరగంటా అదే ఉత్కంఠ.

ఈ దారికి రాళ్లు పరిచింది మాత్రం మోటర్‌హెడ్ వాళ్ల ఫిల్ టేలర్. 1979 నాటి "ఓవర్‌కిల్" మొదలయ్యేదే రెండు కాళ్లతో. పాట అయిపోయిందనుకుంటాం, మళ్లీ మొదలవుతుంది. మళ్లీ అయిపోయిందనుకుంటాం, మళ్లీ. థ్రాష్ అనే వేగమైన మెటల్ వాయించినవాళ్లందరూ ఆ పాటకు ఏదో ఒక రూపంలో బాకీ.

ఒంటికాలు:
అందరూ రెండు కాళ్ల గురించే మాట్లాడుతున్నారు కాబట్టి నికో మెక్‌బ్రెయిన్ పేరు చెప్పే బాధ్యత నాది. ఐరన్ మెయిడెన్‌లో 1982 చివర్లో చేరి, 2024 డిసెంబరులో పర్యటనల నుంచి తప్పుకునేదాకా ఆయన దాదాపు అంతా ఒక్క పెడల్‌తోనే నడిపాడు. "వేర్ ఈగల్స్ డేర్" కిక్ (బేస్ డ్రమ్ దెబ్బలు) విని, ఒక్క కాలుతో వాయించాడంటే నమ్మనివాళ్లు నాకు తెలుసు. పోల్చుకోవడం సులువు: స్టీవ్ హారిస్ బేస్ గిటారు గుర్రంలా మూడేసి దెబ్బలతో దౌడు తీస్తుంటే నికో కిక్ ఆ మూడు దెబ్బల్లో ఏది పట్టుకోవాలో, ఏది వదిలేయాలో ఎంచుకుంటుంది. అన్నీ కొట్టేస్తే బురద అవుతుంది.

జోడుపెడల్:
ఒంటికాలు గారూ, "ఫేస్ ఇన్ ద శాండ్" సంగతి దాటేశారే! 2003లో అక్కడ ఆయనా రెండు పెడళ్లు తొక్కాడు.

ఒంటికాలు:
అందుకేగా "దాదాపు" అన్నాను.

వెనకవరస మృదంగం:
నేను మెటల్‌కి ఆలస్యంగా వచ్చినవాణ్ని, ముందు నేర్చుకున్నది మృదంగం. అందుకని నా చెవి వేరే చోట ఆగుతుంది.

మెషుగ్గా డ్రమ్మర్ తోమాస్ హాకేని తీసుకోండి. తొలిసారి వింటే లెక్క తప్పినట్టుంటుంది. చెయ్యి చూడండి: సింబల్ మీద మామూలు నాలుగు లెక్క, స్నేర్ (చర్రుమని పలికే డ్రమ్) దాని చోట దానిది. కాళ్లు మాత్రం గిటారుతో కలిసి వేరే లెక్కలో పోతుంటాయి. "బ్లీడ్" (2008) ముఖ్యమైన కిక్ నమూనా చూస్తే రెండు చిన్న దెబ్బలు, రెండు పెద్ద దెబ్బలు కలిపి మూడు మాత్రల ముక్క. అంటే పైన తకధిమి, కింద తకిట. నోటితో తకిట అంటూ చేత్తో నాలుగు లెక్క వేసి చూస్తే విషయం తెలిసిపోతుంది.

మూడేసి చొప్పున వదిలేస్తే ఆ రెండూ మూడు బార్లకు (నాలుగు లెక్కల ఆవర్తాలకు) తమంతట తామే కలుస్తాయి. మన పద్ధతిలో అయితే లెక్క కట్టి, ముక్తాయింపు మూడుసార్లు వేసి సమానికి, అంటే ఆవర్తం మొదటి దెబ్బకు చేరుస్తాం. మెషుగ్గా వాళ్లు చాలా పాటల్లో ఆ ఓపికా పట్టరు. నాలుగో బారుకో ఎనిమిదో బారుకో ఆ వరసను మధ్యలో కోసేసి మళ్లీ మొదటికి వచ్చేస్తారు. ఆ కోత దగ్గరే ఒళ్లు జలదరిస్తుంది. మృదంగం నేర్పిన మా గురువుగారు వింటే ఒప్పుకుంటారని నేననుకోను, అది వేరే సంగతి.

ఇంకొకరు టూల్ డ్రమ్మర్ డానీ కేరీ. ఆయన ఆలోక్ దత్తా దగ్గర తబలా నేర్చుకున్నాడు. ఎలక్ట్రానిక్ ప్యాడ్‌ల మీద తబలా ధ్వనులు మోగించడం పైపైకి కనిపించేది. అసలు ప్రభావం చేతుల్లో ఉంది. స్నేర్ మీద వినీవినపడని చిన్న దెబ్బలు, డ్రమ్మర్లు ఘోస్ట్ నోట్స్ అంటారే, అవి వరసగా మాట్లాడుతుంటాయి. 2019 నాటి "న్యూమా" ఆయన వాయిస్తుండగా తీసిన వీడియోలో చేతులు పైనుంచి కనిపిస్తాయి, ఒకసారి శబ్దం తగ్గించి ఎడమ చెయ్యి మాత్రమే చూడండి.

నడకపిచ్చి:
వెనకవరస గారూ, ఈ ఒక్క జవాబు కోసమైనా ఈ చర్చ పెట్టినందుకు సంతోషం. బార్లు లెక్కపెడుతూ మళ్లీ వింటాను.

ఇనపచెవులు:
ఎవరూ అనడం లేదు కాబట్టి నేనంటాను: మెటాలికా డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్. ఆగండి, రాళ్లు తర్వాత వేయండి.

ఆయన చేతివాటం లొంబార్డో స్థాయి కాదు, వేదిక మీద తడబడిన సందర్భాలూ ఉన్నాయి. కానీ ప్రశ్న "ఎవరు గొప్ప" అని కాదు, "ఎవరిని పోల్చుకుంటారు" అని. లార్స్‌ని రెండు బార్లలో పట్టుకోవచ్చు. గిటారు ఎక్కడ నొక్కితే అక్కడ స్నేర్‌తో పాటు క్రాష్ సింబల్ పడుతుంది. డ్రమ్ములు రిఫ్ కింద నడవవు, రిఫ్‌తో కలిసి పలుకుతాయి. "వన్" (1988) రెండో సగంలో కిక్, గిటారు కలిసి ఆరేసి దెబ్బల గుంపులుగా తుపాకీ పేల్చినట్టు వచ్చేది ఆ ఆలోచనకు పరాకాష్ఠ. పాటను ఏ ముక్క తర్వాత ఏ ముక్క అని పేర్చడంలో ఆయన చెయ్యి ఎంతో ఉంది, ఆ పేర్పు వాయింపులోనూ వినిపిస్తుంది.

ఒంటికాలు:
రాయి వెయ్యను. "శాడ్ బట్ ట్రూ" అంత నెమ్మదిగా, అంత బరువుగా నిలబెట్టడం ఎంత కష్టమో వాయించినవాళ్లకు తెలుసు.

రాత్రిసాధన:
కొత్తగా నేర్చుకుంటున్నాను. రెండు సందేహాలు. డబుల్ బేస్ నిమిషానికి 140 బీట్ల దాకా హాయిగా వస్తుంది, 160 దాటితే కాళ్లు రాళ్లవుతాయి. ఏం చేయాలి? రెండోది: ట్రిగర్లు వాడితే మోసమేనా?

జోడుపెడల్:
మొదటిది నేను చెబుతాను. 140 వరకు మీరు తొడతో తొక్కుతున్నారు. అలాగే వేగం పెంచబోతే తొడ బిగుసుకుంటుంది. పైవేగాలకు కదలిక చీలమండ కీలులోంచి రావాలి, కాలు దాదాపు కదలకూడదు. చిక్కేమిటంటే ఈ రెండింటి మధ్య ఒక పాడు మేర ఉంది. నాకైతే 150, 170 మధ్య. తొడకి అది ఎక్కువ, చీలమండకి అది తక్కువ. చాలామంది అక్కడే ఏళ్లు ఉండిపోతారు. నాకు పనికొచ్చింది తలకిందుల పద్ధతి: 190 దగ్గర, చీలమండ మాత్రమే ఆడిస్తూ ఒక్క బారు. ఆగడం. మళ్లీ ఒక్క బారు. అది పట్టుబడ్డాక వేగం తగ్గించుకుంటూ ఆ మేరలోకి పైనుంచి దిగాలి. కూర్చునే స్టూలు కాస్త ఎత్తు పెంచండి, తొడలు మోకాళ్ల వైపు కొద్దిగా వాలి ఉండాలి. పిక్క ముందు ఎముక పక్కన నొప్పి మొదలైతే ఆ రోజుకు చాలించండి, పట్టుదలకు పోవద్దు.

ఇనపచెవులు:
ట్రిగర్ల సంగతి. 200 వేగంలో ఒక్కో బీటుకి నాలుగేసి దెబ్బలంటే నిమిషానికి 800, సెకనుకి పదమూడు పైచిలుకు. ఆ వేగంలో కాలు ఎత్తడానికి చోటుండదు, దెబ్బ మెత్తబడుతుంది, బేస్ డ్రమ్ గుమ్మని మూలుగుతూ ఒకదాన్ని ఒకటి మింగేస్తుంది. ట్రిగర్ ఆ తోలుకు తగిలించిన చిన్న పరికరం. దెబ్బ పడినట్టు గుర్తించి ముందే రికార్డు చేసిన ధ్వనిని మోగిస్తుంది. కాలు వేళ తప్పితే అదీ తప్పిన వేళకే మోగుతుంది, పైగా స్పష్టంగా. కాబట్టి మోసం అనను. నా ఫిర్యాదు వేరు: ప్రతి దెబ్బా ఒకే గట్టితనంతో వస్తే ఎవరు వాయించినా ఒకటే. ఈ చర్చ ప్రశ్నకే అది గొడ్డలిపెట్టు.

అందుకే స్నేర్, కిక్ అతివేగంగా ఆగకుండా పడే బ్లాస్ట్ బీట్‌లో నాకు పాత రికార్డులంటే ఇష్టం. ఆ పేరు వ్యాప్తిలోకి తెచ్చింది నేపామ్ డెత్‌కి వాయించిన మిక్ హారిస్ అంటారు. ఆయనది పచ్చి దూకుడు. మార్బిడ్ ఏంజెల్ వాళ్ల పీట్ సాండోవాల్ "ఆల్టర్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్" (1989)లో అదే బీటును పదును పెట్టిన కత్తిలా పట్టుకున్నాడు. ఒకటే బీటు, ఇద్దరు మనుషులు.

నడకపిచ్చి:
ఇగోర్ కవలేరాని మరిచిపోయాం! సెపల్టురా "రూట్స్" (1996)లో బ్రెజిల్ తాళవాద్యాలు అతికించినట్టు ఉండవు, ఆయన టామ్‌ల వాడకమే అప్పటికి అటు తిరిగిపోయింది. సింబళ్లు తగ్గించి ఫ్లోర్ టామ్ మీద నడక పెడితే చాలు, ఇగోర్ అని చెప్పేస్తాను.

ఒంటికాలు:
పాంటెరా డ్రమ్మర్ విన్నీ పాల్. "బికమింగ్" మొదటి నాలుగు బార్లు. ఇంకేమీ చెప్పక్కర్లేదు.

జోడుపెడల్:
జీన్ హోగ్లన్ పేరు లేకుండా ఈ చర్చ మూసేయనివ్వను. అణు గడియారం అని బిరుదు, దాంతో అందరూ ఆయన్ని వేగానికే కట్టేస్తారు. డెత్ అనే బ్యాండ్ వాళ్ల "ఇండివిడ్యువల్ థాట్ ప్యాటర్న్స్" (1993) పెట్టి, కిక్ పట్టించుకోకుండా సింబళ్లు మాత్రమే వినండి. రైడ్ సింబల్ నడి గుబ్బ మీద, చిన్న స్ప్లాష్‌ల మీద గిటారు మలుపులకు జవాబు చెబుతుంటాడు. రెండు కాళ్లూ పరుగెత్తుతుంటే చేతులు తీరిగ్గా కబుర్లాడుతుంటాయి. రాత్రిసాధన గారూ, మీరు ముందు "సింబాలిక్" (1995)తో మొదలుపెట్టండి, అది కాస్త దయగల ఆల్బమ్.

రాత్రిసాధన:
మొదలుపెట్టాను. స్టూలు కూడా ఎత్తు పెంచాను. 190లో ఒక్క బారు వస్తోంది, ఎడమ కాలు మాత్రం రెండో దెబ్బ తినేస్తోంది. ఎడమ కాలిని విడిగా సాధన చేయాలా, రెండూ కలిపేనా?

జోడుపెడల్:
విడిగా. ఎడమ కాలుతోనే మొదలుపెట్టి, కుడికాలు చేసే పనంతా దానికి అప్పజెప్పండి, మామూలు రాక్ బీటు సహా.