అమ్మాయి పర్యావరణ శాస్త్రం డిగ్రీ చదువుతానంటోంది, చేర్చమంటారా?

పర్లాకిమిడి నాన్న:

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. బజారులో చిన్న ఇనుప సామాన్ల కొట్టు నడుపుతున్నాను. మా అమ్మాయి ఈ ఏడాది ప్లస్ టూ సైన్సు పాసయింది. భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు చదివింది, లెక్కలు లేవు. నీట్ కూడా రాసింది. ఆ మార్కుల సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు, ఇక్కడ కూడా అడగకండి.

ఇప్పుడు పర్యావరణ శాస్త్రంలోనే డిగ్రీ చేస్తానని కూర్చుంది. శ్రీకాకుళంలో ఉండే మా బావమరిది నర్సింగులో చేర్చమంటాడు. మా ఆవిడకు రేపు బీఈడీకి పనికొచ్చేది ఏదైనా సరే. నాకైతే ఆ సబ్జెక్టులో ఏం చెబుతారో కూడా తెలియదు.

పిల్లకు ఈ పట్టుదల తిత్లీ తుపాను నాడు మొదలైంది. 2018 అక్టోబరులో అది ఐదో తరగతి. మా కొట్టు రేకులు లేచిపోయి పక్క వీధిలో పడ్డాయి. మా జిల్లా కొండల్లో చరియలు విరిగిపడి ఎంతమంది పోయారో మీకు తెలిసే ఉంటుంది. అప్పటి నుంచి డాబా మీద ఒక డబ్బా పెట్టి, వాన పడ్డప్పుడల్లా స్కేలుతో కొలిచి నోటుబుక్కులో రాస్తుంది. అలాంటి నోటుబుక్కులు నాలుగు పోగయ్యాయి. మొదట్లో నవ్వుకునేవాళ్లం.

చదివితే ఉద్యోగం వస్తుందా? ఇక్కడే ఒడిశాలో చదివించాలా, ఆంధ్రాకు పంపాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

బరంపురం మాస్టారు (విశ్రాంత):

రసాయన శాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయ్యాను కాబట్టి నా సబ్జెక్టు వైపు మొగ్గుతానని ముందే ఒప్పుకుంటున్నాను.

ఒక్క విషయం మాత్రం చూసుకోండి. పిల్ల ఎప్పుడైనా ఇండియన్ ఫారెస్ట్ సర్వీసు రాయాలనుకుంటే, డిగ్రీలో ఏ సబ్జెక్టులు ఉండాలో యూపీఎస్సీ ఒక జాబితా ఇస్తుంది. పశుసంవర్ధక, పశువైద్య శాస్త్రాలు, వృక్షశాస్త్రం, రసాయన శాస్త్రం, భూగర్భశాస్త్రం, గణితం, భౌతికశాస్త్రం, గణాంక శాస్త్రం, జంతుశాస్త్రం. వీటిలో ఒక్కటైనా ఉండాలి. లేదా వ్యవసాయం, అటవీ శాస్త్రం, ఇంజినీరింగు డిగ్రీ ఉండాలి. పర్యావరణ శాస్త్రం ఆ జాబితాలో లేదు! అడవి ఉద్యోగానికి పర్యావరణం చదివినవాడు అర్హుడు కాకపోవడం విడ్డూరమే, కానీ నియమం అది. కనుక పక్కన కెమిస్ట్రీయో బాటనీయో లేకుండా చేర్చకండి.

ఇంకొకటి. 1991లో సుప్రీంకోర్టు ఆదేశం పుణ్యమా అని ఇప్పుడు ప్రతి డిగ్రీ విద్యార్థీ పర్యావరణం మీద ఒక పేపరు రాయాలి. పరీక్షకు ముందు రాత్రి చదివి గట్టెక్కే పేపరు అది. చాలామంది తల్లిదండ్రులు ఆనర్స్ కోర్సు కూడా ఆ బాపతే అనుకుంటున్నారు. కాదు.

గుణుపురం అమ్మాయి:

అన్నయ్యా, మాది గుణుపురం, మీ రైలు మార్గంలో చివరి ఊరు. ఇక్కడ ఆనర్స్ కెమిస్ట్రీ చేసి, విశాఖలో పర్యావరణ శాస్త్రం ఎం.ఎస్సీ. చదివాను. పదకొండేళ్లుగా ఇదే పని. మొదట నీటినీ గాలినీ పరీక్షించే ల్యాబులో చేశాను. ఇప్పుడు పర్యావరణ ప్రభావ నివేదికలు, అంటే పెద్ద ప్రాజెక్టు వస్తే చుట్టుపక్కల నీటికీ గాలికీ ఊళ్లకూ ఏమవుతుందో చెప్పేవి, తయారుచేసే సంస్థలో ఉన్నాను.

కోర్సు సంగతి తర్వాత, ముందు పని ఎలా ఉంటుందో చెబుతాను. రుషికుల్య దగ్గర ఇసుకలో గుడ్లు పెట్టడానికి గుంపులుగా వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ల ఫొటో చూసి ఈ చదువుకు వచ్చినవాళ్లు మా బ్యాచిలో నలుగురు. నేనూ ఆ నలుగురిలో ఒకదాన్ని. ఉద్యోగంలో మొదటి మూడేళ్లూ తాబేలు ముఖం చూడలేదు. సీసాలు కడిగాను.

నీటిలో కరిగిన ఆక్సిజన్ ఎంతో చూడాలనుకోండి. మూడు వందల మిల్లీలీటర్ల గాజు సీసాను నీటి లోపల ముంచి, గాలి చొరబడకుండా నింపి మూత పెట్టాలి. ఏటి గట్టు మీదే మాంగనీస్ సల్ఫేటు, క్షార అయొడైడు రెండేసి మిల్లీలీటర్లు వేసి సీసాను తలకిందులు చేస్తే, ఆక్సిజన్ ఉన్న నీటిలో గోధుమరంగు మడ్డి దిగుతుంది. లేని నీటిలో తెల్లగా ఉండిపోతుంది. సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే మడ్డి కరిగి నీరు పసుపు తిరుగుతుంది. ఆ తర్వాత బ్యూరెట్ నుంచి థయోసల్ఫేటు వదులుతూ రావాలి. లేత గడ్డిరంగుకు వచ్చాక గంజి ద్రావణం వేస్తే ఒక్కసారిగా నీలమవుతుంది. ఇక అక్కడి నుంచి చుక్క చుక్కగా. నీలం పోయి తేటపడిన చుక్క దగ్గర చెయ్యి ఆగాలి. రోజుకు ఇలాంటివి ముప్పై చేస్తే సాయంత్రం కళ్లు మూసుకున్నా నీలమే కనిపిస్తుంది.

చేరిన మొదటి ఎండాకాలం ఒక మడుగు నీళ్లు తెమ్మన్నారు. గట్టు జారుతోందని బకెట్టుతో తోడి, పైనుంచి సీసాలో పోశాను. లీటరుకు ఆరు మిల్లీగ్రాములు వచ్చింది. మా సీనియర్ మేడమ్ కాగితం చూసి, "గేదెలు పొర్లే కుళ్లు నీటిలో ఆరు ఎక్కడి నుంచి వచ్చింది?" అని మాత్రం అడిగారు. ధార కట్టి పోసినప్పుడు గాలిని నేనే కలిపాను. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి నలభై కిలోమీటర్లు వెనక్కి వెళ్లి, మోకాలి లోతు బురదలో దిగి మళ్లీ పట్టాను. ఈసారి ఒకటిన్నర. పుస్తకంలో ఉన్నదే, కానీ నాకు తలకెక్కింది ఆ బురదలోనే.

గాలి పని ఇంకో రకం. తూచిన వడపోత కాగితం యంత్రంలో పెట్టి, బడి డాబా మీదో పంచాయతీ ఆఫీసు మీదో ఇరవై నాలుగు గంటలు నడిపి, మళ్లీ తూచాలి. బరువులో తేడాయే దుమ్ము. సన్నని దుమ్ము, అంటే పీఎం 2.5, ఇరవై నాలుగు గంటల సగటున ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటకూడదని మన ప్రమాణం. పెద్ద ప్రాజెక్టుల నివేదికకు వానాకాలం కాని ఒక రుతువు మొత్తం, వారానికి రెండు రోజుల చొప్పున ఇలా కొలవాలి. మన కొండ ఊళ్లలో రాత్రి రెండింటికి కరెంటు పోతుంది. యంత్రం ఆగితే ఆ రోజు లెక్క పోయినట్టే. జనరేటరు పక్కన పెడితే దాని పొగే కాగితం మీదికి వస్తుంది. అందుకని పొడుగాటి తీగ లాగి, గాలివాటం చూసి, దూరంగా పెట్టుకుని కాపలా పడుకోవాలి. నేను పడుకున్నాను.

ఇదంతా భయపెట్టడానికి కాదు. ఈ పనిలో ఓపిక ఉన్నవాళ్లకు విసుగు రాదు.

ఉద్యోగం గురించి నిజం చెబుతున్నాను. ఒక్క డిగ్రీతో ఆగిపోతే ల్యాబు సహాయకురాలో నమూనాలు పట్టే పనో దొరుకుతుంది, జీతం తక్కువ. నా మొదటి జీతం పద్నాలుగు వేలు, అదీ ఎం.ఎస్సీ. తర్వాత. కాలుష్య నియంత్రణ మండళ్లలో ఇంజినీరు పోస్టులకు ఇంజినీరింగు, శాస్త్రవేత్త పోస్టులకు ఎం.ఎస్సీ. అడుగుతారు. అధ్యాపకురాలు కావాలంటే యూజీసీ నెట్‌లో ఈ సబ్జెక్టు ఉంది. గేట్‌లో కూడా 2021 నుంచి పర్యావరణానికి వేరే పేపరు పెట్టారు. కాబట్టి మూడేళ్లకే చేతికి అందివస్తుందని లెక్క వేయకండి. ఎం.ఎస్సీ. దాకా చదివించే ఓపిక ఉంటేనే దిగండి.

ఎక్కడ అంటే, డిగ్రీ ఒడిశాలోనే చేయించండి. స్కాలర్‌షిప్పు, నివాస పత్రం, కుల ధ్రువపత్రం అన్నీ ఇక్కడివి. సరిహద్దు దాటగానే మన కులం అక్కడి జాబితాలో ఏ వరుసలో ఉందో, అసలు ఉందో లేదో కూడా చూసుకోవాలి. ఎం.ఎస్సీ.కి ప్రవేశ పరీక్ష రాసి విశాఖ వెళ్లవచ్చు.

ఇంకొకటి మీరు అడగలేదు గాని చెబుతాను. మన పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, వీధిలో కాస్త సవర. ఇంటర్వ్యూల్లో దాన్ని లోపంలాగా దాచుకునేదాన్ని. ఈ ప్రభావ నివేదికల మీద కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు ముందు నివేదిక సారాంశం స్థానిక అధికార భాషలో కూడా ఉండాలి. ఒడియా కాగితం పంచినంత మాత్రాన కొండ మీది సవర అవ్వకు ఏం అర్థమవుతుంది? సర్వేకు వెళ్లినప్పుడు మా జట్టులో మాట్లాడగలిగింది నేనొక్కదాన్నే. నియమగిరి కొండల్లో 2013లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత పన్నెండు గ్రామసభలు జరిగితే, రాయగడ వైపు ఏడు, కలహండి వైపు ఐదు, అన్నీ బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి. అలాంటి చోట ఊరివాళ్ల మాట వాళ్ల నోటి నుంచి వినగలవాళ్లు కావాలి. గిడుగు రామమూర్తి పంతులు గారు సవర నేర్చుకున్నది మీ ఊళ్లోనే కదా అన్నయ్యా. అమ్మాయి దాన్ని వదిలిపెట్టకుండా చూడండి.

ఇంతకీ ఆ డబ్బా గోడలు నిలువుగా ఉన్నాయా, పైకి వెడల్పా? కొలిచేది ఏ వేళకు?

రాయగడ కుర్రాడు:

అక్క చెప్పినదానికి అడ్డు చెప్పను గాని, నా కథ కూడా వినండి బాబాయి గారూ. నేను పర్యావరణ శాస్త్రమే మేజరుగా డిగ్రీ చేశాను. కాలేజీ పేరు చెప్పను. సబ్జెక్టుకు ఒకే లెక్చరరు. ఐదు రోజులు 20 డిగ్రీల దగ్గర సీసాలు ఉంచే ఇంక్యుబేటరు ఒకటి ఉండేది, అందులో అటెండరు మంచినీళ్ల సీసాలు పెట్టుకునేవాడు. రికార్డులో అంకెలు పై ఏడాది వాళ్లవి చూసి దించాం.

బీఈడీ తర్వాత టీచరు పోస్టుకు వెళితే డిగ్రీలో వృక్ష, జంతు శాస్త్రాలు చూపించమన్నారు. నా దగ్గర లేవు. ఇప్పుడు బీమా ఏజెంటుగా ఉన్నాను, బాగానే ఉన్నాను. పిన్ని గారి మనసులో బీఈడీ ఉంటే మాత్రం ఆ రెండూ ఉండే కోర్సు చూడండి. చేర్చేముందు కాలేజీకి వెళ్లి ల్యాబు తలుపు తీయించి చూడండి. తాళం చెవి ఎవరి దగ్గరుందో వెతుక్కుంటే, ఇంకో కాలేజీకి వెళ్లండి.

పర్లాకిమిడి నాన్న:

అందరికీ చాలా కృతజ్ఞతలు. ఇంట్లో కూర్చోబెట్టి మొత్తం చదివి వినిపించాను. గేదెల మడుగు దగ్గర మా ఆవిడ నవ్వింది, జీతం దగ్గర ఆగింది. కెమిస్ట్రీ మేజరు, వృక్షశాస్త్రమో పర్యావరణమో పక్కన, తర్వాత ఎం.ఎస్సీ. అన్న లెక్కకు ప్రస్తుతానికి వచ్చాం. బావమరిదికి ఇంకా చెప్పలేదు.

చెల్లెమ్మా, డబ్బా పాలపొడి డబ్బా, గోడలు నిలువే. కొలిచేది బడి నుంచి వచ్చాక.

గుణుపురం అమ్మాయి:

వాతావరణ శాఖ లెక్క పొద్దున 8:30 నుంచి మర్నాడు 8:30 వరకు. ఆ వేళకు కొలిస్తే వాళ్ల అంకెలతో పోల్చుకోవచ్చు. డబ్బా పక్కన గోడ గాని చెట్టు గాని ఉంటే, దాని ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో పెట్టమనండి. లేకపోతే గాలివాన కొంత గోడకే పోతుంది.

పర్లాకిమిడి నాన్న:

మెట్ల గది గోడకు ఆనించే ఉంది ఇన్నాళ్లూ. మీ మాట చెప్పగానే మొహం చిన్నబుచ్చుకుంది, నాలుగు నోటుబుక్కులూ వృథాయేనా అని. కాసేపు పలకలేదు. తర్వాత తనే వెళ్లి డబ్బాను డాబా అవతలి మూలకు జరిపింది. నోటుబుక్కులో ఎర్ర పెన్నుతో అడ్డగీత గీసి, తేదీ వేసి, "ఇక్కడి నుంచి స్థలం, వేళ మారాయి" అని రాసుకుంది. పాత డబ్బాలాంటిదే ఇంకొకటి కావాలని నన్ను అడిగింది. పాత చోట అది పెడుతుందట, రెండింటికీ తేడా ఎంత వస్తుందో చూడటానికి.