మా ఆయన ఇంటికి వచ్చినప్పుడు మాత్రమే మాలా-ఎన్ గర్భనిరోధక బిళ్లలు వేసుకుంటే చాలదా?

పర్లాకిమిడి కోడలు:
మా ఆయన సూరత్‌లో మరమగ్గాల మీద పని చేస్తారు. ఏడాదికి రెండుసార్లు, ఇరవై రోజుల సెలవు మీద వస్తారు. ఆశా దీదీ మాలా-ఎన్ ఇచ్చింది. ఒడియా మాట్లాడతాను గానీ చదవలేను, అందుకే అడుగుతున్నాను. ఆయన ఉన్న రోజుల్లోనే వేసుకుంటే చాలదా? మా తోడికోడలు చివరి ఏడు గోధుమరంగు బిళ్లలు పారేస్తుంది. "బహిష్టు తెప్పించేవి అవేనట" అంటుంది. నిజమేనా?

గుణుపురం నర్సమ్మ (రిటైర్డ్):
చాలదు తల్లీ. ఇది ఆ రాత్రికి సరిపడే మందు కాదు. కడవ నిండుగా కనిపిస్తే బావికి ఎవరూ వెళ్లరు కదా? తెల్ల బిళ్లలోని రెండు హార్మోన్లను చూసి మెదడు కింది పీయూష గ్రంథి అలాగే ఊరుకుంటుంది. అండాశయానికి కబురు అందదు, అండం విడుదల కాదు. గర్భాశయ ముఖద్వారం దగ్గర జిగురు కూడా చిక్కబడి వీర్యకణాలను అడ్డుకుంటుంది.

ఆయన రాకకు ముందు వచ్చే బహిష్టులో, మొదటి 5 రోజుల లోపే మొదలుపెట్టు. ఆ తర్వాత మొదలుపెడితే 7 రోజులు నిరోధ్ కూడా తప్పదు. ఆయన రైలెక్కగానే ఆపేస్తారు చాలామంది, అక్కడే చిక్కు. వీర్యకణాలు 5 రోజుల దాకా బతికి ఉంటాయి. 21 తెల్ల బిళ్లలూ పూర్తి చెయ్యి.

గోధుమరంగువి ఐరన్ బిళ్లలు. బహిష్టు తెప్పించేది అవి కాదు, తెల్లవి ఆగడం. పారేస్తే రక్షణ పోదు, కానీ లెక్క తప్పి కొత్త అట్ట ఎనిమిదో రోజున మొదలుపెట్టడం మరిచిపోతారు. అప్పుడు అండాశయం నిద్ర లేస్తుంది. అయినా మన ఆడవాళ్ల రక్తహీనతకు ఆ ఐరన్ పారేయడమేమిటి!

బీపీ, కాళ్లలో రక్తం గడ్డలు, కళ్ల ముందు మెరుపులతో వచ్చే తలనొప్పి ఉంటే మాత్రం ఇవి వద్దు. చంటిబిడ్డ ఉందా?

రాయగడ అక్క:
నాకు పాప నాలుగు నెలలప్పుడు, పాలిస్తున్నానని, మాలా-ఎన్ వద్దని ఛాయా అనే వేరే గర్భనిరోధక బిళ్లలు ఇచ్చారు. అందులో హార్మోన్లు లేవు. మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి.

పర్లాకిమిడి కోడలు:
బాబుకు మూడేళ్లు నర్సమ్మా, పాలు మానేశాడు. బీపీ రేపు చూపించుకుంటాను. ఆయన దీపావళికి వస్తారు, ఈసారి బహిష్టు అంతకు పది రోజుల ముందే. తోడికోడలి అట్ట చెత్తబుట్టలోంచి తీసి చూశాను, ఏడు బిళ్లలూ అలాగే ఉన్నాయి.