ఫొటోలు చూపించి తిండి మాటలు నేర్పడం: బరంపురం కొచ్చిన కొత్త టీచరుకి

ప్రశ్న: గుంటూరు నుంచి ఈ మధ్యే బరంపురం వచ్చాం. ఆదివారం పూట 8 మంది తెలుగు పిల్లలకు పాఠం చెబుతున్నాను. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. కూరగాయలు, వంటల పేర్లు నెట్లో దొరికే ఫొటోలతో నేర్పాలనుంది. ఎలాంటివి ఎంచుకోవాలి?

బరంపురం నుంచి:

అమ్మా, ఫొటో కంటే ముందు, దాన్ని వెతికే మాట చూసుకోండి. ఇంగ్లిషులో ‘రైస్’ అని కొడితే పైరు, వడ్లు, బియ్యం, అన్నం అన్నీ కలగాపులగంగా వస్తాయి. మనకవి నాలుగు మాటలు. ఈ ఊరి పిల్లలతో ఒక సుఖం ఉంది. ఒడియాలో కూడా ధాన, చావుళ, భాత అని విడివిడిగానే అంటారు. తేడా వాళ్లకు ముందే తెలుసు, మాట అందిస్తే చాలు. వడ్లు, బియ్యం, అన్నం మూడూ ఒకే వరసలో పెట్టి చూపించండి.

పప్పులూ అంతే. మినుములు నల్లగా ఉంటాయి, పొట్టు తీసిన మినపప్పు తెల్లగా ఉంటుంది. పెసలు పచ్చన, పెసరపప్పు పసుపు. రెండు ఫొటోలు జంటగా పెడితే పెసలు–పెసరపప్పు, కందులు–కందిపప్పు, శనగలు–శనగపప్పు అని మాట కట్టే తీరు పిల్లలే పట్టేస్తారు. ఒక్కొక్కటీ విడిగా చూపిస్తే ఆ తీరు కనబడదు.

‘కరీ’ అని వెతక్కండి. ఎర్రటి గ్రేవీ గిన్నెలే వస్తాయి. మన కూర, ఇగురు, వేపుడు, పులుసు అందులో దొరకవు. ‘పికిల్’ అంటే సీసాలో వెనిగర్ దోసకాయలు వస్తాయి. ఆవకాయ, గోంగూర పచ్చడి అని తెలుగు లిపిలోనే కొట్టండి. గోంగూర ఆకుకి ‘రోసెల్’ అని వెతికితే టీలో వేసే ఎర్రటి కాయలు ముందుకొస్తాయి, పిల్లలు అవే గోంగూర అనుకుంటారు.

కాయ, పండు తేడా మీద ఒక పాఠం మొత్తం పెట్టొచ్చు. మామిడికాయ, మామిడిపండు మనకు రెండు మాటలు. విదేశీ సైట్లలో మామిడిపండు ఎర్రగా కనిపిస్తుంది. మన బంగినపల్లి పసుపు రంగు ఫొటోనే పెట్టండి. పనసకాయ, పనసపండు, తొన, పిక్క నాలుగూ ఒక వరసలో రావాలి. అరటి గెల, కొత్తిమీర కట్ట, కరివేపాకు రెబ్బ, కొబ్బరి చిప్ప కూడా ఫొటోతోనే నిలుస్తాయి. ఇలాంటి మాటలు ఇంట్లో విన్నా పిల్లల నోటికి తొందరగా రావు.

పర్లాకిమిడి నుంచి:

పై సలహాకి ఒకటి కలుపుతాను. ఇక్కడ పిల్లల్ని ఎక్కువ తికమక పెట్టేవి రెండు భాషల్లో ఒకేలా వినబడే మాటలు. ఒడియాలో ‘పొటల’ అంటే బొటనవేలంత లావున, చారలతో ఉండే చిన్నకాయ. మన పొట్లకాయ పాములా పొడవు. ఒడియా ‘కందమూళ’ మనకు చిలగడదుంప, మన కంద వేరే దుంప. ఒడియా ‘సారు’ చామదుంప, మన చారు గిన్నెలో తాగేది. ఈ మూడు జంటలకూ ఫొటోలు తప్పకుండా చేసుకోండి. ముందు ‘ఇది కంద, ఇది చిలగడదుంప’ అని తెలుగులోనే గట్టిపరచండి. ఒడియా పేరు పిల్లలు వాళ్లంతట వాళ్లే అంటే ‘అవును, ఒడియాలో అది’ అని ఒప్పుకుని మళ్లీ తెలుగు మాట చెప్పించండి. తప్పని కొట్టిపారేయొద్దు, వాళ్లన్నది ఆ భాషలో సరైనదే.

ఒడియావాళ్లు నీళ్లలో నానబెట్టి తినే అన్నం పఖాళ, అట్టులాంటి వంట చకుళి పిఠా. పఖాళ ఫొటోకి చద్దన్నం అనీ, చకుళి పిఠాకి దోసె అనీ పేరు పెట్టకండి. దగ్గర చుట్టాలే గానీ ఒకటి కావు. వాటి పేర్లు వాటికే ఉంచండి.

మీరు గుంటూరు నుంచి వచ్చారు కదా. ఇక్కడి ఇళ్లలో రాగుల్ని చోళ్లనీ, సొరకాయని ఆనపకాయనీ అంటారు. కార్డు వెనక ఇంటి మాట ముందు రాసి, మీ మాట కింద రాయండి. అమ్మమ్మ అనే మాట తప్పని పిల్లకు అనిపించకూడదు.

రాయగడ నుంచి:

ఒక మాటకి ఒకే ఫొటో చాలదు. పిల్లకు ఆ ఫొటో గుర్తుంటుంది, వంకాయ గుర్తుండదు. ప్రతి మాటకీ మూడు తీసుకోండి: చెట్టున ఉన్నది, కోసినది, వండినది. వారానికి 8 కొత్త మాటలు చాలు. తర్వాతి వారం అదే మాటని పాఠంలో చూపని ఇంకో ఫొటోతో అడగండి. అప్పుడే వచ్చిందో లేదో తెలుస్తుంది.

దగ్గరగా తీసిన ఆవాల ఫొటోలో ఆవాలు మిరియాలంత కనిపిస్తాయి. చెంచా గానీ, అరచెయ్యి గానీ పక్కన ఉన్నదే ఏరండి. ఈ మధ్య ఏఐ గీసిన బొమ్మలు కూడా ఫొటోల్లా కలిసిపోతున్నాయి. ముచ్చిక, ఆకు ఈనెలు పరిశీలించి, అసలువాటిలా లేనివి పక్కన పెట్టేయండి.

అందరూ వాడుకునే ఫొటోలు దాచే సైటు వికీమీడియా కామన్స్‌లో కూరగాయలకు శాస్త్రీయ నామంతో వెతకండి, తెలుగు పేరుతో కొన్నే వస్తాయి. ఫొటో పేజీలో లైసెన్సు, అంటే దాన్ని ఏ షరతు మీద వాడుకోవచ్చో రాసి ఉంటుంది. సీసీ అంటే క్రియేటివ్ కామన్స్. సీసీ జీరో అయితే తీసినవారి పేరు పెట్టక్కర్లేదు. సీసీ బై అయితే తీసినవారి పేరు, లైసెన్సు పేరు కింద వేయాలి. గూగుల్‌లో అయితే ఇమేజెస్, టూల్స్, యూసేజ్ రైట్స్ నొక్కి క్రియేటివ్ కామన్స్ ఎంచుకోండి. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ పాఠం చెప్పేవారికి వెసులుబాటు ఇస్తుంది. అదే ఫొటోని పుస్తకంలో అచ్చేసి అమ్మడానికీ, యూట్యూబులో పెట్టడానికీ ఆ ధీమాతో పోకండి.

ఎ4 కాగితాన్ని నాలుగు చేస్తే ఒక్కో కార్డు 10.5 × 14.8 సెంటీమీటర్లు. స్పష్టంగా రావాలంటే ఫొటో సుమారు 1240 × 1750 పిక్సెళ్లుండాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది, డాక్యుమెంటుగా పంపండి. ముందువైపు బొమ్మ మాత్రమే ఉండాలి. అక్కడ ఒడియా అక్షరాలుంటే పిల్ల బొమ్మ చూడదు, చదివేస్తుంది.

మళ్లీ బరంపురం నుంచి:

పేరు దగ్గరే ఆగిపోకండమ్మా, ఫొటో చూపించి పూర్తి వాక్యం చెప్పించండి. ఇక్కడి పిల్లలు ‘పాలు ఉంది’, ‘నీళ్లు ఉంది’ అంటారు. పెరుగు ఉంది, మజ్జిగ ఉంది, అన్నం ఉంది, కానీ పాలు ఉన్నాయి, నీళ్లు ఉన్నాయి. పాల గ్లాసు, పెరుగు గిన్నె ఫొటోలు పక్కపక్కన పెట్టి ‘ఏముంది, ఏమున్నాయి?’ అని మార్చి మార్చి అడగండి.