అప్‌డేట్: చీమకుర్తి టిప్పర్‌కు కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్

గ్రానైట్ లోడుతో మిట్టమధ్యాహ్నం పికప్ చచ్చిపోతోంది, బయట అమ్మే కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ (ఇంజిన్‌కు చల్లగాలి అందించే ఫిల్టర్, పైపుల కిట్) వేయిస్తే ఫలితముంటుందా అని అడిగాను కదా. వేయించలేదు. టర్బో (గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపే ఫ్యాన్) ఉన్న డీజిల్‌కు అది దండగ ఖర్చు.

కంపెనీ ఇచ్చిన స్నార్కెల్ (గాలి పీల్చే నిలువు గొట్టం) క్యాబిన్ వెనక ఎత్తులోనే ఉంది, బయటి గాలే పీలుస్తోంది. కిట్‌లో వచ్చే ఓపెన్ ఫిల్టర్ ఇంజిన్ పక్కన కూర్చుంటే వేడిగాలే మింగుతుంది. గాలి 10 డిగ్రీలు వేడెక్కితే సాంద్రత 3 శాతం దాకా పడిపోతుంది. అయినా టర్బో నొక్కిన గాలి ఫుల్ లోడు మీద 150 డిగ్రీలు కూడా దాటొచ్చు. దాన్ని చల్లార్చేది ఇంటర్‌కూలర్, ఫిల్టర్ పైపు కాదు.

అసలు తేడా అక్కడే దొరికింది. ఇంటర్‌కూలర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో రాతిపొడి, నూనె జిడ్డు కలిసి అట్టకట్టాయి. ఇంజిన్ వైపు నుంచి తక్కువ ప్రెషర్ నీళ్లతో కడగాలి. జెట్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి. హోస్ క్లాంపుల దగ్గర నూనె తడి ఉంటే బూస్ట్ లీక్ (టర్బో నొక్కిన గాలి బయటికి పోవడం) అనుమానించాల్సిందే.

మెయిన్ ఫిల్టర్‌ను లోపలి నుంచి బయటికి, 2 బార్ మించకుండా ఊదాలి. లోపలి సేఫ్టీ ఫిల్టర్‌ను ఊదకూడదు, మార్చడమే. ఆయిల్ పూసే కాటన్ ఫిల్టర్ మాత్రం ఈ క్వారీ దుమ్ములో వద్దే వద్దు. సన్నపొడి దాటిందంటే టర్బో బ్లేడ్లు, పిస్టన్ రింగులు అరిగిపోతాయి.